కళింగతీరమున ప్యాట్రిక్ రస్సెల్

భావనపాడు, కళింగపట్నము, ముక్కాము, భీమునిపట్నము మొదలగు ఉత్తరాంధ్ర రేవులలో కానగుర్త యను చేపను ఎఱుగని బాలుడుండడు. జానెడు పొడవు, నీలియు పచ్చయు కలసిన వీపు, వెండివలె మెఱయు కడుపు గల ఈ చేప గుంపులు గుంపులుగా తిరుగును. వలలో పడిన నాడు బుట్టలకొలది పడును. పేదవాని కూటికి రుచి నిచ్చు చేపలలో ఇది యొకటి. ఎఱ్ఱసముద్రము మొదలు ఆస్ట్రేలియా వఱకు గల సముద్రములలో ఇది కలదు. ఆయా దేశములవారు దీనిని తమ తమ పేర్లతో పిలుచుకొందురు. కాని శాస్త్రజ్ఞులు మాత్రము, వారు ఏ దేశమువారైనను ఏ భాషవారైనను, రాస్ట్రెల్లిగర్ కానగుర్త యనియే వ్రాయుదురు. అందు మొదటి మాట లాటిను. చిన్న దంతెను ధరించినది యని దాని యర్థము. ఈ చేప మొప్పలలో దంతెపండ్ల వలె వరుసగా నుండు ముండ్లను బట్టి ఆ పేరు కలిగినది. రెండవ మాట మన తెలుగు.

జాలరిపల్లెలో పుట్టిన ఈ తెలుగుమాట లాటిను పేర్ల నడుమకు చేరుటకు కారణమైనవాడు ప్యాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు. అతడు మన దేశమువాడు కాడు. కాని అతని పేరు నిలిచి యుండుటకు కారణమైన పనులలో ముఖ్యమైనవి మన తీరమునందే జరిగినవి.

రస్సెల్ 1727 ప్రాంతమున స్కాట్లండు దేశపు రాజధానియగు ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి జాన్ రస్సెల్ న్యాయవాది. సంతానము పెద్దది. వేర్వేఱు భార్యల బిడ్డలును ఒక్క కుటుంబముగనే పెరిగిరి. ప్యాట్రిక్కునకు సవతి యన్న యగు అలెగ్జాండరు వైద్యవిద్య నేర్చి సిరియా దేశమున అలెప్పో నగరమునందు ఇంగ్లీషు వర్తకసంఘమునకు వైద్యుడుగా నుండెను. ప్యాట్రిక్ కూడ అన్న మార్గమునే త్రొక్కి, ఎడింబరోలో చదివి, 1750వ సంవత్సరమున వైద్యపట్టము పొంది, వెంటనే అలెప్పోకు ప్రయాణమయ్యెను. మూడేండ్లకు అన్న స్వదేశమునకు మరలిపోగా ఆ పదవి తమ్మునికి సంక్రమించెను.

అలెప్పో ఆ కాలమున గొప్ప వర్తకనగరము. ఒంటెల బిడారులు తూర్పుదేశముల సరకులను అచ్చటికి తెచ్చుచుండెను. ఆ సరకులతో కూడ అప్పుడప్పుడు ప్లేగు మహామారియు వచ్చుచుండెను. 1760వ సంవత్సరము మొదలు 1762 వఱకు ఆ వ్యాధి నగరమును పీడించెను. సంపన్నులు ఇండ్ల తలుపులు మూసికొని లోపల నుండిరి. పేదలు వీధులలో కూలిరి. ఆ రోజులలో ప్లేగు ఎట్లు అంటునో తెలిసినవాడు లోకమున లేడు. ఎలుకల మీది మిన్నల వలన అది ప్రాకునని తెలియుటకు ఇంకను నూటముప్పది యేండ్లకు పైగా పట్టినది. అంతటి చీకటిలో రస్సెల్ ఊరు విడిచి పోలేదు. తన యింటి కిటికీయొద్ద నిలిచి, క్రింద వీధిలోనికి వచ్చిన రోగులను చూచి, ప్రశ్నించి, మందులు చెప్పెను. ఎవనికి ఏ దినమున జ్వరము వచ్చినది, గడ్డ ఎక్కడ లేచినది, ఎన్నవ దినమున బ్రతుకో చావో తేలినది, ఇవి యన్నియు వ్రాసి యుంచెను. ఆ నగరపు పాషా అతనియందు మిక్కిలి గౌరవము గలవాడై, తలపాగ ధరించు మర్యాదను ఒసగెను. పరదేశీయులకు అది సామాన్యముగ లభించునది కాదు.

చూచినది చూచినట్లు వ్రాసి యుంచు ఈ అలవాటు అలెప్పోలో అతనికి పట్టువడినది. తరువాత విశాఖపట్టణమున అతడు చేసిన పనికి ఇదియే పునాది.

ఇరువది యేండ్లకు పైగా అలెప్పోలో గడపి, 1772 ప్రాంతమున అతడు స్వదేశమునకు మరలెను. త్రోవలో ఇటలీ, ఫ్రాన్సు రేవులలో ఓడల ప్రయాణికులను అంటువ్యాధుల భయముచే కొంతకాలము విడిగా నుంచు పద్ధతులను పరిశీలించెను. లండనులో వైద్యము చేయుచుండగా 1777వ సంవత్సరమున రాయల్ సొసైటీ యను ప్రసిద్ధ శాస్త్రపరిషత్తు అతనిని సభ్యునిగ ఎన్నుకొనెను. ఇతరులైనచో అంతటితో విశ్రాంతి తీసికొందురు. రస్సెల్ వివాహము చేసికొనలేదు. తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ కొలువున నుండి విశాఖపట్టణపు అధికారిగా నియుక్తుడై 1781వ సంవత్సరమున బయలుదేరుచుండగా, ఏబదినాలుగేండ్ల అన్న అతనికి తోడుగా ఓడ యెక్కెను.

వారు వచ్చునప్పటికి ఈ ప్రాంతము నేటివలె లేదు. శ్రీకాకుళము జిల్లా 1950లోను, విజయనగరము జిల్లా 1979లోను ఏర్పడినవి. పదునెనిమిదవ శతాబ్దమున ఈ సీమ యంతయు శ్రీకాకుళము సర్కారు అనబడుచుండెను. 1760 తరువాత కొలది యేండ్లకే ఉత్తర సర్కారులు కంపెనీవారి చేతికి వచ్చినవి. లోపలి భూములపై విజయనగరపు పూసపాటివారి ప్రాబల్యము మెండు. విశాఖపట్టణము అప్పటికి చిన్న రేవు. ఒక కోట, కంపెనీ గిడ్డంగులు, కొందఱు దొరల యిండ్లు, ఇసుకతిన్నెల మీద జాలరుల గుడిసెలు, వెనుక ఎఱ్ఱని కొండలు, ఇంతియే. ఈ రేవునుండి కంపెనీకి ముఖ్యముగా కావలసినది నేతబట్టలు. పాములును చేపలును వారి లెక్కలలో లేవు.

రస్సెల్ మొదట తీరిక కొలది మొక్కలు సేకరించి, పేర్లు కనుగొని, వ్రాసికొనుచుండెను. అప్పటికి మద్రాసు ప్రభుత్వమునందు ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండినవాడు కోనిగ్ అను పండితుడు. అతడు స్వీడను దేశపు లిన్నేయస్ మహాశయుని శిష్యుడు. ప్రతి ప్రాణికిని ప్రతి మొక్కకును రెండు లాటిను మాటలతో పేరు పెట్టు పద్ధతిని లోకమునకు ఇచ్చినవాడు ఆ లిన్నేయసే. 1785వ సంవత్సరమున కోనిగ్ మరణించెను. ఆ పదవి రస్సెల్‌నకు లభించెను. కంపెనీవారు ఈ ఉద్యోగమును జ్ఞానముపై ప్రేమచే మాత్రమే పెట్టిరని తలపరాదు. రంగుల చెట్లు, మందు చెట్లు, మంచి కలప ఎచ్చట దొరకునో తెలిసినచో వారికి లాభము. రస్సెల్ ఆ పనిని నిర్లక్ష్యము చేయలేదు. మన దేశపు ఉపయోగకరములగు మొక్కలను బొమ్మలతో సహా అచ్చొత్తింపవలయునని అతడు చేసిన సూచనయే, తరువాత రాక్స్‌బరో అను వృక్షశాస్త్రజ్ఞుడు వెలువరించిన కోరమాండల్ తీరపు మొక్కల మహాగ్రంథమునకు మూలమైనది. ఆ రాక్స్‌బరోయే రస్సెల్ తరువాత ఆ పదవిని పొందినవాడు. వెదురు కణుపులలో గడ్డకట్టు తవక్షీరి యను పదార్థమును గూర్చియు రస్సెల్ ఒక వ్యాసము వ్రాసి 1790లో లండనున ప్రకటించెను. వెదురుపాలు అను తెలుగు పేరును అందులో ఉదాహరించెను.

కాని అతని మనస్సును ఎక్కువగా ఆకర్షించినవి పాములు. అందుకు కారణము వేడుక కాదు. పొలములలో, గడ్డివాములయొద్ద, చీకటిదారులలో పాము కఱచి చనిపోవువారు ఏటేట ఎందఱో కలరు. కఱచినది విషపుపామో కాదో తెలియక, భయముచేతనే సగము ప్రాణము పోవువారు మఱికొందఱు. విషము లేని పాము కఱచినవాడు మంత్రముచేతనో వేరుచేతనో బ్రతికెనని జనులు నమ్ముదురు. విషపుపాము కఱచినవానికి ఆ మంత్రమే వేసి, ఆ వేరే నూరి, ఫలము లేక దుఃఖింతురు. కనుక ముందు తెలియవలసినది ఏది విషపుపాము, ఏది కాదు అనునది. ఈ ప్రశ్నకు ఎవరికిని అనుమానము లేని జవాబు కనుగొనవలెనని రస్సెల్ పూనుకొనెను.

అతడు పాములవాండ్రచేతను పల్లెటూరి జనులచేతను పాములను తెప్పించెను. ఒక్కొక్కదాని పొడవు కొలిచి, పొట్టమీది పలకలను తోకక్రింది పలకలను లెక్కించి, నోరు తెఱపించి కోఱలను పరీక్షించెను. విషపుపాములకు పైదవడ ముందుభాగమున బోలుగా నుండు కోఱలుండును. విషము లేని పాములకు అట్టివి లేక, చిన్న పండ్ల వరుసలు మాత్రమే యుండును. ఈ భేదమును అతడు ఒక్కొక్క పామునందు స్వయముగ చూచి నిర్ణయించెను. కోళ్ళను కుక్కలను పాములచేత కఱపించి, విషము ఎంతసేపటికి ఎక్కినదో, ఏ లక్షణములు పొడసూపినవో వ్రాసెను. ఆ మూగజంతువుల బాధ చదువునప్పుడు నేటివారికి మనస్సు చివుక్కుమనును. ఆనాడు వేఱొక మార్గము లేకుండెను. తంజావూరు మాత్ర యని పేరుపొందిన పాముమందును కూడ అతడు పరీక్షించెను. అది తప్పక ప్రాణము నిలుపునని అతనికి రుజువు కాలేదు. నమ్మదగిన విరుగుడు సూదిమందు 1895 ప్రాంతమున గాని రాలేదు. అంతకు నూఱేండ్లకు ముందు రస్సెల్ చేయగలిగినది శత్రువును గుర్తుపట్టుట. నేడైనను పాము కఱచినవానిని ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలయునే గాని మంత్రములతో కాలము గడపరాదు.

పాములకు అతడు సొంతముగ పేర్లు కల్పింపలేదు. తెలుగువారు ఏమని పిలుచుచుండిరో దానినే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. కటుకరేకుల పొడ, పెద్దపొడ, చింతనాగు, బంగారు పాము అని ఆ పేర్లు ఇంగ్లీషు యాసతో అతని పుటలందు కనబడును. దొరల చెవికి సోకిన తెలుగు గదా, కొన్ని గుర్తుపట్టుట కష్టము. వీనిలో కటుకరేకుల పొడ మిక్కిలి ప్రమాదకరమైనది. దానికి 1797వ సంవత్సరమున లండనులోని పండితులు రస్సెల్ గౌరవార్థము అతని పేరే పెట్టిరి. నేడు దానిని ఇంగ్లీషువారు రస్సెల్స్ వైపరు అందురు. మనము రక్తపింజర యందుము. పసుపు నలుపు పట్టెలు గల బంగారు పాము పేరునుండి ఫ్రెంచి పండితుడగు దోదాన్ 1803లో బంగారస్ అను జాతినామమును కల్పించెను. కట్లపాములన్నియు నేటికిని ఆ జాతిలోనివే. అనగా చీనాలోనో జావాలోనో ఒక కట్లపామును చూచిన శాస్త్రజ్ఞుడు, తనకు తెలియకయే, తెలుగుమాట పలుకుచున్నాడు.

ఇక చేపలు. ఈ భాగమే మనకు మఱింత సన్నిహితమైనది.

విశాఖ తీరమున తెల్లవాఱుజామున తెప్పలు ఒడ్డునకు వచ్చును. దుంగలను త్రాళ్ళతో బిగించి కట్టిన ఆ తెప్పలపై జాలరులు, వాడబలిజలు కెరటములను దాటి పోయి వత్తురు. వారు తెచ్చు చేపలలో అంగడికి పోవునవి కొన్ని, ఉప్పుపట్టి యెండబెట్టునవి కొన్ని, ఎవరికిని అక్కఱలేక ఇసుకలో పాఱవేయునవి కొన్ని. రస్సెల్‌నకు మూడు విధములవియు కావలెను. ఐతే చేపతో ఒక చిక్కు కలదు. పాము చచ్చిన పిదప దాని రంగు కొంతకాలము నిలుచును. ఎండిన మొక్క కొంత గుర్తుగనే యుండును. చేప నీటినుండి వెలువడిన గడియకే రంగు మాఱును, మధ్యాహ్నమునకు కుళ్ళును. సారాయిలో వేసి యుంచినను వన్నె పోవును. కనుక చేపను వెంటనే చూచి, వెంటనే కొలిచి, వెంటనే బొమ్మ వ్రాయవలెను. అందుకై మన దేశపు చిత్రకారునిచే అతడు బొమ్మలు వ్రాయించెను. రెక్కలందలి ముండ్లెన్ని, మెత్తని పుల్లలెన్ని, పొలుసు ఎట్టిది, పండ్లు ఎట్టివి, ప్రక్కగీత ఎక్కడ వంగినది, ఇవి యన్నియు రస్సెల్ ప్రక్కన వ్రాసికొనెను.

పేర్ల విషయమున ఇక్కడను అదే పద్ధతి. చేపను పట్టినవానిని అడిగి, వాడు చెప్పిన మాటనే వ్రాసెను. తెల్ల చందువా, నల్ల చందువా, వంజరము, కోనెము, గొరక, కానగుర్త – ఈ పేర్లన్నియు అతని గ్రంథమున కలవు. ముట్టుకొన్నంతనే ఒడలు తిమ్మిరి యెక్కించు ఒక చేప కలదు. దాని శరీరమున విద్యుత్తు పుట్టును. జాలరులు దానిని తిమిరి యనిరి. రస్సెలును అట్లే వ్రాసెను. విద్యుత్తు గూర్చి ఐరోపా పండితులు అప్పుడప్పుడే వాదోపవాదములు చేయుచుండిన కాలమది. మన జాలరి మాత్రము ఆ చేప లక్షణమును ఒక్క మాటలో పేరుగ పెట్టి యుండెను. జాలరుల పేర్లు ఊరక పుట్టినవి కావు. చందువాలలో తెల్లదియు నల్లదియు వేఱని వారెఱుగుదురు. పార యను గుంపులో ఒక్కొక్కదానికి ముందు ఒక్కొక్క విశేషణము చేర్చుదురు. ముందు గుంపు పేరు, తరువాత దానిలో భేదము చెప్పు పేరు అను లిన్నేయస్ పద్ధతికి ఇది మిక్కిలి దూరమైనది కాదు. ఈ సంగతిని రస్సెల్ గ్రహించెనో లేదో చెప్పజాలము గాని, వారి పేర్లను తృణీకరింపలేదు.

1789వ సంవత్సరమున అతడు విశాఖను విడిచి లండనునకు బయలుదేరెను. వయస్సు అఱువది దాటినది. పెట్టెలలో వ్రాతలు, బొమ్మలు, పాముల చర్మములు, చేపలు. తరువాతి పదునాఱేండ్లును వానిని అచ్చొత్తించుటలోనే గడచినవి. 1791లో ప్లేగు గ్రంథము. 1794లో అన్న అలెగ్జాండరు వ్రాసిన అలెప్పో చరిత్రకు పెంచి దిద్దిన రెండవ కూర్పు. 1796లో కోరమాండల్ తీరపు పాముల గ్రంథము మొదటి సంపుటము. 1803లో విశాఖపట్టణపు చేపల గ్రంథము రెండు సంపుటములు. ఈ కడపటి గ్రంథమున రెండువందల చేపల వర్ణనలు, బొమ్మలు కలవు. విశాఖపట్టణమను పేరు దాని ముఖపత్రముననే అచ్చుపడినది. ఆ పుస్తకము వెలువడిన రెండేండ్లకు, 1805వ సంవత్సరము జూలై 2వ తేదీన, కొలది దినముల జబ్బుతో రస్సెల్ లండనులో మరణించెను. పాముల గ్రంథము రెండవ సంపుటము పూర్తి యగునప్పటికి అతడు లేడు.

గ్రంథకర్త పోయిన పిదప గ్రంథము ప్రయాణము సాగించెను. పారిసు నగరమున జార్జి కువియే యను మహాపండితుడు ప్రపంచమందలి జంతువులన్నిటిని వర్గములుగ ఏర్పఱుచుచుండెను. చేపల విషయమున అతనికి రస్సెల్ పుస్తకము చేతిపుస్తకమైనది. రస్సెల్ తన చేపలకు రెండు మాటల లాటిను పేర్లు పూర్తిగ పెట్టలేదు. జాలరి చెప్పిన పేరుతో విడిచిపెట్టెను. ఆ కొఱతను కువియే పూరించెను. అట్లు చేయునప్పుడు కొన్నింటికి జాలరి పేరునే లాటిను పేరులో నిలిపెను. 1816లో కానగుర్తయు, 1829లో గొరకయు ఇట్లే శాస్త్రమున ప్రవేశించినవి. 1828 మొదలు కువియేయు అతని శిష్యుడు వలాన్సియెనును వెలువరించిన ఇరువదిరెండు సంపుటముల మత్స్యశాస్త్రగ్రంథమున విశాఖ చేపల ప్రసక్తి మాటిమాటికి వచ్చును.

ఇక్కడ కొంత దారి తప్పి ఒక వింత చెప్పవలసి యున్నది. కువియే జీవించి యున్న చేపలను మాత్రమే గాక, రాళ్ళలో శిలలై మిగిలిన పూర్వకాలపు చేపలను గూర్చియు కొంత సామగ్రి కూర్చెను. 1832లో మరణించుటకు కొంచెము ముందు, ఆ బొమ్మలను వ్రాతలను లూయీ అగస్సీ యను స్విట్జర్లండు యువకునికి అప్పగించెను. అగస్సీ మొదట బ్రెజిలు దేశపు చేపలను వర్ణించి పేరు పొందినవాడు. జీవించిన చేప యెముకను చక్కగ ఎఱిగినవాడే రాతిలోని యెముకను చదువగలడు. అతడు ఐరోపా యంతయు తిరిగి శిలామత్స్యములను పరీక్షించుచు స్కాట్లండునకు, అనగా రస్సెల్ జన్మభూమికి, 1834లో వచ్చెను. అచ్చటి ఎఱ్ఱ ఇసుకరాళ్ళలో ఒక విచిత్రమైన ప్రాణి దొరకినది. తల అంతయు ఒక్క యెముక డాలు. అది అర్ధచంద్రుని యాకారమున నుండి, రెండు కొనలు కొమ్ములవలె వెనుకకు సాగియుండెను. కన్నులు రెండును డాలు నడినెత్తిన దగ్గఱ దగ్గఱగ నుండెను. తోక మాత్రము చేపదే. అట్టి డాళ్ళను అంతకు పూర్వము కొందఱు పురుగుల వంటి వేఱొక పురాతన ప్రాణి తలలని భ్రమపడిరి. అగస్సీ అది చేపయే యని నిర్ణయించి, 1835లో సెఫలాస్పిస్ అని, అనగా తలడాలు అని, పేరు పెట్టెను.

ఆ చేప యొక్క అసలు రహస్యము మఱి తొంబదియేండ్లకు గాని బయటపడలేదు. స్వీడను దేశపు స్టెన్షియో యను పండితుడు అట్టి శిలలను పలుచని పొరలుగ కోసి, తలడాలులో మెదడును నరములును ఉండిన త్రోవలను గుర్తించి, 1927లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆ చేపలకు దవడలు లేవు. క్రిందివైపున ఒక చిన్న నోరు మాత్రమే కలదు. కఱచుట, నములుట వానికి చేతకాదు. వానిలో పెక్కు నీటి అడుగున బురదను పీల్చి, అందలి సూక్ష్మాహారముతో జీవించియుండునని తలంతురు. ఇట్టి దవడలేని కవచమత్స్యములను ఆస్ట్రకోడెర్ములు, అనగా చిప్పవంటి చర్మము గలవి, అందురు. సుమారు నలువదియెనిమిది కోట్ల యేండ్ల క్రిందట మొదలు ముప్పదియాఱు కోట్ల యేండ్ల క్రిందటి వఱకు అవి నీటిలో నుండెను. ఆపై ఒక్కటియు మిగులలేదు. నేడు దవడలేని చేపజాతులు లాంప్రేలు, హాగ్‌ఫిష్‌లు అను రెండే కలవు. అవి పాములవలె మెత్తనివి, కవచము లేనివి. మన సముద్రమున వలలో పడు పెట్టెచేపకు గట్టి పెట్టెవంటి ఒడలు కలదు గాని దానికి దవడలును పండ్లును ఉన్నవి. అది ఈ కవచమత్స్యములకు వారసుడు కాదు.

రస్సెల్ బాల్యమున తిరిగిన దేశపు రాళ్ళలో ఆ తలడాళ్ళు నిద్రించుచునే యుండెను. అతడు వానిని చూడలేదు. చూచినను ఆ కాలమున వానిని చదువగల విద్య పుట్టలేదు. అట్టి శిలలు విశాఖయందును శ్రీకాకుళమునందును దొరకునా యని మీలో కొందఱు అడుగవచ్చును. మన కొండలు ఎక్కువగా ఖొండలైటు, చార్నొకైటు రాళ్ళు. అవి చేపలు పుట్టుటకు ఎంతయో ముందటివి. పైగా భూగర్భమున కాగి మాఱిపోయినవి. కనుక వానిలో శిలామత్స్యములు ఉండవు. మన తెలుగుదేశమున శిలామత్స్యములకు పేరుపడినవి ప్రాణహిత గోదావరి లోయలోని కోటా సున్నపురాళ్ళు. అచ్చట మెఱయు గట్టి పొలుసులు గల చేపల శిలలు దొరకినవి. పందొమ్మిదవ శతాబ్ది నడుమ వానిని పండితులు వర్ణించిరి. ఐతే అవి దవడలు గల చేపలు. తలడాలు చేపలకన్న ఇరువది కోట్ల యేండ్లు చిన్నవి.

మరల కానగుర్త సంగతికి వత్తము. క్రొత్త ప్రాణికి పేరు పెట్టునప్పుడు, ఆ పేరు ఏ ప్రాణికి చెందినదో సాక్ష్యముగ ఒక మాదిరి దేహమును ఏదైన మ్యూజియమున భద్రపఱచుట శాస్త్రాచారము. అనుమానము వచ్చినప్పుడు పండితులు ఆ మాదిరిని చూచి తీర్చుకొందురు. కానగుర్తకు అట్టి మాదిరి లేదు. కువియే ఆ పేరును కేవలము రస్సెల్ పుస్తకమందలి వర్ణనను, బొమ్మను చూచి పెట్టెను. కావున ఈనాటికిని ఆ పేరునకు మూలసాక్ష్యము ఆ బొమ్మయే. కటుకరేకుల పొడ రస్సెల్ పేరు మోయుచున్నది. కానగుర్త తన్ను పట్టిన జాలరుల మాటను మోయుచున్నది. ఉదయపు ఎండలో, చేప రంగు మాఱకముందే, త్వరత్వరగ ఆ బొమ్మను వ్రాసిన చిత్రకారుని పేరు మాత్రము పుస్తకమున ఎక్కడను లేదు.